కుక్కపిల్ల పోషణ: చర్మం, బొచ్చు, ఆహారం – పల్లె కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

పల్లెటూరి ఇంటికి కుక్క అలంకారం కాదు. రాత్రివేళ కళ్ళానికి, గొర్రెల దొడ్డికి, పశువుల కొట్టానికి అదే కావలి. బాగేపల్లి తాలూకా గూళూరు హోబళి పల్లెల్లోనూ, చేలూరు, చింతామణి వైపు ఊళ్ళలోనూ, సరిహద్దు దాటితే శ్రీసత్యసాయి జిల్లా చిలమత్తూరు, గోరంట్ల మండలాలలోనూ కుక్క లేని వీధి అరుదు. అయినా కుక్కపిల్లను ఇంటికి తెచ్చిన తరువాత దాని పోషణ గురించి ఆలోచించేవారు తక్కువ. మిగిలిన సంగటి ఇంత పడవేయడం, వేపచెట్టు మొదట్లో కట్టివేయడం, ఒళ్ళంతా పుళ్ళు పడితే ఊరి బయట వదిలిరావడం – అనేక చోట్ల జరుగుతున్నది ఇదే.

ఈ నిర్లక్ష్యం వల్ల నష్టపోయేది మూగజీవి ఒక్కటే కాదు. కుక్కపిల్ల చర్మం మీది తామర, గజ్జి, దాని కడుపులోని పురుగులు ఇంట్లో పిల్లలకు కూడా సోకుతాయి. టీకా వేయించని కుక్కపిల్ల ద్వారా రేబిస్ వస్తే మనిషి ప్రాణమే పోతుంది. అందుచేత కుక్కపిల్ల ఆరోగ్యం ఇంటిల్లిపాది ఆరోగ్యంలో భాగమని గ్రహించాలి.

చర్మం స్వభావం

కుక్క చర్మం చూడటానికి దళసరిగా కనిపించినా పైపొర మనిషి చర్మం కంటే పలుచన. మనిషి చర్మం కొద్దిగా ఆమ్ల గుణం కలిగి ఉంటుంది. కుక్క చర్మం దాదాపు తటస్థంగా ఉంటుంది. మనుషుల సబ్బులు, షాంపూలు కుక్కకు పడకపోవడానికి ఇదే కారణం. బట్టల సబ్బు మరీ హాని చేస్తుంది. చర్మాన్ని కాపాడే సహజమైన నూనె పొర వాటివల్ల తొలగి, చర్మం పొడిబారి, పొట్టు రాలి, దురద పుడుతుంది.

కుక్కకు మనిషివలె ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల మెత్తల వద్ద మాత్రమే కొంత చెమట పడుతుంది. నాలుక చాచి వగర్చడం ద్వారానే అది ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. అందుకే మార్చి నుంచి మే వరకు, ముఖ్యంగా రేకుల కప్పు కింద, బండల మీద కట్టివేసిన కుక్కపిల్లకు వడదెబ్బ సులభంగా తగులుతుంది. నీడ, గాలి, ఎప్పుడూ మంచినీరు – ఈ మూడూ తప్పనిసరి. వేసవిలో బొచ్చు పూర్తిగా గొరిగించడం మేలు కాదు. ఎండ నుంచి చర్మాన్ని కొంతవరకు కాపాడేది ఆ బొచ్చే.

ఆరోగ్యంగా ఉన్న పిల్ల బొచ్చు నిగనిగలాడుతుంది. చర్మం మీద పొట్టు, వాసన ఉండవు. బొచ్చు పేలవంగా, గరుకుగా మారిందంటే చాలాసార్లు కారణం చర్మంలో కాదు, కడుపులో ఉంటుంది. ఆహారలోపమో, పురుగులో ముందుగా బొచ్చు మీదనే బయటపడతాయి.

తల్లిపాల నుంచి గిన్నె వరకు

పిల్లకు మొదటి మూడు నాలుగు వారాలు తల్లిపాలే ఆహారం. నాలుగో వారం నుంచి మెత్తని జావ నాకించడం మొదలుపెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య క్రమంగా తల్లిపాలు మాన్పించవచ్చు. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తల్లినుంచి వేరుచేయరాదు. తోబుట్టువులతో ఆడుకొనే ఆ రోజులలోనే, ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివారికి నొప్పి కలుగుతుందో పిల్ల నేర్చుకుంటుంది. నెల పిల్లను సంచిలో వేసుకొని తెచ్చినవారు తరువాత అది అందరినీ కొరుకుతున్నదని బాధపడి ప్రయోజనం లేదు.

తల్లి చనిపోయిన పిల్లలకు ఆవుపాలు పోయడం వాడుక. కుక్కపాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాలలో కంటే దాదాపు రెట్టింపు. పాలచక్కెర మాత్రం తక్కువ. అందువల్ల ఒట్టి ఆవుపాలతో పిల్లకు పోషణ చాలదు, విరేచనాలు కూడా పట్టుకుంటాయి. పశువైద్యుని సలహాతో కుక్కపిల్లల కోసం తయారైన పాలపొడి వాడటం ఉత్తమం. పాలు పట్టేటప్పుడు పిల్లను వెల్లకిలా పడుకోబెట్టరాదు. పాలు ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. బోర్లా ఉంచి, తల కొద్దిగా పైకెత్తి పట్టాలి. పాలు విడిచిన పిల్లకు పాలకంటే పెరుగు, పలుచని మజ్జిగ బాగా ఒంటబడతాయి.

మూడు నెలల వరకు రోజుకు నాలుగు సార్లు, ఆరు నెలల వరకు మూడు సార్లు, ఆ తరువాత రెండు సార్లు ఆహారం పెట్టాలి. వేళ తప్పకుండా, ఒకే చోట, కడిగిన గిన్నెలో పెట్టడం మంచిది. పావుగంటలో తినగా మిగిలినది తీసివేయాలి.

సంగటి మంచిదే, సంగటి ఒక్కటే చాలదు

రాగి సంగటి కుక్కకు పనికిరాదని కొందరు, అదొక్కటే చాలునని మరికొందరు అనుకుంటారు. రెండూ సరికావు. కుక్క తోడేలు వంశానిదే అయినా, వేల ఏళ్ళుగా మనిషి వంటను పంచుకొని బ్రతికింది. పిండిపదార్థాన్ని అరిగించుకొనే శక్తి తోడేలు కంటే కుక్కకు ఎక్కువని 2013లో నేచర్ పత్రికలో వెలువడిన జన్యు పరిశోధన నిరూపించింది. కాబట్టి బాగా ఉడికిన సంగటి, అన్నం, జొన్న, కొర్ర కుక్కకు అరుగుతాయి.

రాగులలో సున్నం అధికం. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. అయితే రాగులలోనే ఉండే ఫైటేటు అనే పదార్థం ఆ సున్నాన్నీ, జింకునూ ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు. మాంసకృత్తులు కూడా రాగులలో ఏడు శాతం చుట్టుపక్కలే. పెరిగే కుక్కపిల్ల ఆహారంలో, తేమను మినహాయించి లెక్కిస్తే, కనీసం 22 శాతం మాంసకృత్తులు ఉండాలి. ఈ తేడాను పూడ్చకుండా ఒట్టి సంగటి మీద పెంచిన పిల్ల పొట్ట ఉబ్బి, కాళ్ళు సన్నబడి, బొచ్చు రాలి కనిపిస్తుంది. జింకు కొరవడినప్పుడు నోటి చుట్టూ, కళ్ళ చుట్టూ, పాదాల మెత్తల మీద బొచ్చు ఊడి పెచ్చులు కడుతుంది. దీనిని గజ్జిగా భావించి పూతమందులు రాస్తే తగ్గదు. ఆహారం మార్చి, పశువైద్యుని సలహాపై జింకు ఇస్తే తగ్గుతుంది.

ఇంట్లో సాధ్యమయ్యే ఏర్పాటు ఇది. రెండు వంతులు మెత్తగా ఉడికిన సంగటి లేదా అన్నానికి ఒక వంతు ఉడికించిన గుడ్డు, ముల్లు తీసిన చేప, ఎముక తీసిన కోడిమాంసం లేదా కోడి కాలేయం కలపాలి. కాలేయం వారానికి ఒకటి రెండు సార్లకు మించరాదు. అందులోని ఎ విటమిను మితిమీరితే కీడు చేస్తుంది. ఉడికించిన గుమ్మడి, క్యారెట్, బీన్స్ గుప్పెడు చేర్చవచ్చు. మాంసం తినని ఇళ్ళలో గుడ్డయినా పెట్టడం మేలు. అదీ లేనిచోట పెరుగు, మెత్తగా ఉడికిన పెసరపప్పు కొంత ఆదుకుంటాయి గానీ పెరిగే పిల్లకు అవి మాత్రమే సరిపోవు. రాగులను నానబెట్టి మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన పిండి వాడితే ఫైటేటు తగ్గి, సున్నం, జింకు మరింతగా ఒంటబడతాయి.

బొచ్చు నిగారింపుకు లినోలిక్ ఆమ్లం అవసరం. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు నూనెలలో ఇది ఉంది. చిన్నపిల్ల ఆహారంలో రోజుకు అర టీచెంచా నూనె చాలు. ఎక్కువైతే విరేచనాలు పడతాయి. బొచ్చుకు మంచిదని పచ్చిగుడ్డు తాగించేవారున్నారు. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే పదార్థం బయోటిన్ విటమినును ఒంటికి పట్టనివ్వదు. బయోటిన్ లోపిస్తే రాలేది బొచ్చే. గుడ్డు ఉడికించే పెట్టాలి.

ఎముక లేని మాంసం మాత్రమే పెట్టి పెంచడం కూడా పొరపాటే. అందులో భాస్వరం ఎక్కువ, సున్నం అతి తక్కువ. అటువంటి పిల్లల ఎముకలు మెత్తబడి, కాళ్ళు వంకరపోతాయి. అలాగని పెద్దజాతి పిల్లలకు సున్నపు మాత్రలు ఇష్టం వచ్చినట్లు మింగిస్తే ఎముకల పెరుగుదల చెడుతుంది. ఎంత ఇవ్వాలన్నది పశువైద్యుడే నిర్ణయించాలి. అంగడిలో దొరికే గుళికల ఆహారం కొనేవారు సంచి మీద అది పెరిగే పిల్లలకు ఉద్దేశించినదో కాదో చూసి కొనాలి. పెద్దకుక్కల గుళికలు పిల్లలకు సరిపడవు.

తిండి సరిపోతున్నదో లేదో తెలుసుకోవడానికి తూకం లేకపోయినా పరవాలేదు. పక్కటెముకల మీద అరచేయి ఉంచితే ఎముకలు చేతికి తగలాలి, కంటికి పొడుచుకొని కనిపించరాదు. పైనుంచి చూస్తే నడుము కొద్దిగా సన్నబడి ఉండాలి.

పెట్టకూడనివి

ఇంటి సారు, పులుసు సంగటి మీద పోసి కుక్కకు పెట్టడం ప్రతి ఊరిలోనూ ఉన్న అలవాటు. అందులో ఉప్పు, కారంతో పాటు ఎర్రగడ్డ, తెల్లగడ్డ, చింతపండు ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి జాతి కుక్క రక్తంలోని ఎర్రకణాలను విచ్ఛిన్నం చేస్తుంది. ఉడికించినా ఆ గుణం పోదు. కుక్క బరువులో కిలోకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి హాని కలిగిస్తుంది. అంటే మూడు కిలోల పిల్లకు ఒక మధ్యరకం ఎర్రగడ్డ చాలు. తిన్న వెంటనే ఏమీ కనిపించదు. కొన్ని రోజులకు చిగుళ్ళు పాలిపోయి, మూత్రం ఎర్రబడి, పిల్ల నీరసిస్తుంది.

చిక్కబళ్ళాపురం జిల్లా ద్రాక్షకు పేరుపొందింది. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన బెంగళూరు బ్లూ ద్రాక్ష పండే ప్రాంతాలలో ఈ జిల్లా ఒకటి. మనిషికి మేలైన ఈ పండు కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కొద్ది పండ్లకే ప్రమాదంలో పడిన కుక్కలు ఉన్నాయి. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే ఇందుకు కారణమని 2021 నుంచి పశువైద్య నిపుణులు భావిస్తున్నారు. అదే ఆమ్లం చింతపండులో కూడా సమృద్ధిగా ఉంది. కాబట్టి ద్రాక్షతోటలో రాలిన పండ్లు, కిస్‌మిస్‌లు, చింతపండు గుజ్జు కుక్కపిల్లకు అందకుండా చూడాలి.

మూడవది బూజు పట్టిన వేరుశనగ. వానలో తడిసి నల్లబడిన కాయలు, నిలువ ఉన్న చెక్క మనుషులకు పనికిరావని కుక్కలకు వేస్తుంటారు. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లాండులో వేలాది టర్కీకోళ్ళు వేరుశనగ పిండి తిని చనిపోయినప్పుడు ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. కుక్క కాలేయం దీనికి త్వరగా లొంగిపోతుంది. బూజుపట్టిన మొక్కజొన్న, రొట్టె కూడా ఇటువంటివే.

వండిన కోడి ఎముకలు చీలి సూదులవలె పేగులకు గుచ్చుకుంటాయి. చాక్‌లెట్, కాఫీ పొడి, టీపొడి, మద్యం, చక్కెరకు బదులు జైలిటాల్ కలిపిన తినుబండారాలు – ఇవన్నీ విషతుల్యాలే. ఎలుకల మందు పెట్టిన చోటికి, పురుగుమందు డబ్బాలు కడిగిన చోటికి పిల్లను పోనివ్వరాదు.

స్నానం, దువ్వడం

ఎనిమిది వారాల లోపు పిల్లకు స్నానం అవసరం లేదు. తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు. ఆ తరువాత నెలకు ఒకసారి, మరీ మురికైతే మరొకసారి సరిపోతుంది. ఎండపొద్దున గోరువెచ్చని నీటితో, కుక్కల షాంపూతో స్నానం చేయించాలి. కుంకుడు, సీకాయ కళ్ళలో పడితే తీవ్రమైన మంట పుడుతుంది కనుక తలకు వాడరాదు. చెవులలో నీరు చొరబడకుండా చూసి, సబ్బు లేశమైనా మిగలకుండా కడిగి, పొడిగుడ్డతో పూర్తిగా తుడవాలి. తడి ఆరని బొచ్చు కింద శిలీంధ్రాలు పెరుగుతాయి.

స్నానం కంటే దువ్వెన ముఖ్యం. పొట్టిబొచ్చు కుక్కలను వారానికి రెండుసార్లు, పొడవాటి బొచ్చు గలవాటిని రోజూ దువ్వాలి. రాలిన బొచ్చు, దుమ్ము పోతాయి. చర్మంలోని నూనె బొచ్చు అంతటికీ అంటుతుంది. పిడుదు, పుండు, గడ్డ ఉంటే అప్పుడే కంటబడతాయి. పసితనం నుంచే చెవులు, పాదాలు, నోరు తాకనివ్వడం అలవాటైతే పెద్దయిన తరువాత వైద్యం చేయించడం తేలికవుతుంది.

మెడతాడు గురించి ఒక హెచ్చరిక. రెండు నెలల పిల్లకు కట్టిన నైలాను తాడును నాలుగో నెలలో చూసేసరికి మెడలో కోసుకొనిపోయిన సందర్భాలు పశువైద్యులకు కొత్త కాదు. తాడుకూ మెడకూ మధ్య రెండు వేళ్ళు సులభంగా దూరాలి. వారానికి ఒకసారి సరిచూడాలి.

పిడుదులు, దూకుడు పురుగులు

పిడుదును ఈ ప్రాంతంలో గోమారి అని కూడా అంటారు, కన్నడంలో ఉణ్ణె. కుక్కలను పట్టే గోధుమరంగు పిడుదు పశువుల పిడుదు వంటిది కాదు. జీవితంలోని ప్రతి దశలోనూ రక్తం తాగి కిందికి రాలి, గోడ పగుళ్ళలో, రాతి సందులలో దాగి, మళ్ళీ కుక్క మీదికి ఎక్కుతుంది. ఒక ఆడ పిడుదు వేల గుడ్లు పెట్టగలదు. కాబట్టి కుక్కకు మాత్రమే మందు వేసి, అది పడుకొనే చోటును వదిలివేస్తే పదిహేను రోజులకు పరిస్థితి మొదటికే వస్తుంది. పడుకొనే గోనెను వేడినీటిలో ఉడికించి ఎండలో ఆరవేయాలి. గోడ పగుళ్ళు పూడ్చి సున్నం వేయాలి.

ఈ పిడుదు ద్వారా ఎర్లీకియా, బబీసియా అనే జబ్బులు వస్తాయి. జ్వరం, తిండి మానడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కునుంచి రక్తం, మూత్రం ఎర్రబడటం వీటి లక్షణాలు. సకాలంలో రక్తపరీక్ష చేయించి చికిత్స చేస్తే కుక్క బ్రతుకుతుంది. పిడుదును తీసేటప్పుడు చర్మానికి ఆనించి పటకారుతో పట్టి, మెలితిప్పకుండా నిదానంగా లాగాలి. వేళ్ళతో చిదమరాదు. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం తగదు. తీసినవాటిని సబ్బునీటిలో వేయాలి. చెవుల లోపల, వేళ్ళ సందులలో, మెడతాడు కింద ప్రత్యేకంగా వెతకాలి.

ఫ్లీ అని పశువైద్యులు పిలిచే చిన్న నల్లపురుగు మరొకటి. ఇది ఎగరదు, దూకుతుంది. బొచ్చులో మిరియపు పొడివంటి నల్లని రేణువులు కనిపిస్తే వాటిని తడి తెల్లకాగితం మీద రాల్చాలి. ఎర్రటి మరక వస్తే అవి రక్తం తాగిన ఈ పురుగుల రెట్టలే. తోక మొదట్లో, నడుము మీద కుక్క అదేపనిగా కొరుక్కుంటుంది. వీటిని మింగిన పిల్లకు ఒక రకం బద్దెపురుగు పడుతుంది. మలద్వారం వద్ద అంటుకొనే బియ్యపుగింజ వంటి తునకలు దాని గుర్తు.

గజ్జి, తామర, పొక్కులు

కుక్కపిల్ల చర్మవ్యాధులన్నిటినీ గజ్జి అనే ఒక్క మాటతో పిలవడం వాడుక. వాటిలో తేడా తెలియడం అవసరం.

అసలు గజ్జి: సార్కాప్టిస్ అనే సూక్ష్మజీవి చర్మంలో బొరియలు చేయడం వల్ల వస్తుంది. దురద విపరీతం. చెవుల అంచులు, మోచేతులు, పొట్ట కింద ముందుగా కనిపిస్తుంది. మనుషులకు కూడా అంటుకొని దద్దుర్లు తెప్పిస్తుంది.

డెమోడెక్స్ జబ్బు: పుట్టిన తొలిరోజులలో తల్లినుంచి పిల్లకు చేరే సూక్ష్మజీవి వల్ల కలుగుతుంది. కళ్ళ చుట్టూ, మూతి మీద, ముంగాళ్ళ మీద బొచ్చు ఊడుతుంది. మొదట దురద అంతగా ఉండదు. మనుషులకు అంటదు. ఒకటి రెండు మచ్చలైతే చాలాభాగం వాటంతట అవే మానుతాయి. ఒళ్ళంతా పాకితే చికిత్స తప్పదు.

తామర: గుండ్రంగా బొచ్చు రాలి, అంచున పొట్టు లేస్తుంది. ఇది శిలీంధ్రం. పిల్లలకు తేలికగా అంటుకుంటుంది. కుక్కపిల్లను ఎత్తుకొనే పిల్లవాని చేతి మీద గుండ్రని మచ్చ కనిపిస్తే ఇద్దరికీ ఒకేసారి వైద్యం చేయించాలి.

పొట్ట మీది చీముపొక్కులు: అశుభ్రమైన తడినేల మీద పడుకొనే పిల్లలకు వస్తాయి. ఉప్పునీటితో తుడిచి, పొడిగా ఉంచి, పడకను శుభ్రం చేస్తే తొలిదశలో తగ్గుతాయి.

చర్మాన్ని గీరి సూక్ష్మదర్శినిలో చూస్తే ఏ జబ్బో తేలుతుంది. ఆ పరీక్ష చేయకుండా మందు వాడటం చీకటిలో రాయి విసరడమే.

ఇంటి వైద్యంలో ప్రమాదాలు

ఇంజను నుంచి తీసిన నల్లనూనె, కిరోసిన్, ఫినాయిలు, పొలంలో చల్లే పురుగుమందు – ఈ నాలుగింటితో చనిపోయే కుక్కపిల్లలు గజ్జితో చనిపోయేవాటికంటే తక్కువేమీ కాదని పల్లెల అనుభవం చెబుతుంది. కుక్క ఒంటిని నాకుతుంది. ఒంటికి పూసినది కడుపులోకి పోతుంది. పురుగుమందు విషమెక్కితే నోటినుంచి చొంగ కారుతుంది, ఒళ్ళు వణుకుతుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది. అప్పుడు ఒంటిని సబ్బునీటితో కడిగి, మందు డబ్బాతో సహా తక్షణం పశువైద్యుని వద్దకు చేర్చాలి.

పశువుల పిడుదులకు వాడే మందులు కూడా కొలత తప్పితే కుక్కపిల్లకు విషమే. ఐవర్‌మెక్టిన్ సూదిమందు కొన్ని జాతుల కుక్కలకు, ముఖ్యంగా కోలీ సంతతికి, మెదడు మీద పనిచేసి ప్రాణం తీయగలదు. వేపనూనె, కానుగనూనె పలుచగా పూయడం వల్ల కొంత ఉపశమనం ఉన్నా, నాకనివ్వకుండా చూడాలి. పురుగుపడిన పుండును ఇంట్లో కెలకరాదు.

పిల్ల ధైర్యంగా ఉంటుందని చెవులు, తోక కోసే ఆచారం ఇంకా కొన్ని ఊళ్ళలో ఉంది. దానివల్ల పుండు చీముపట్టి ధనుర్వాతం వచ్చే ప్రమాదమే గాని ధైర్యం రాదు. జంతువు అవయవాన్ని ఛేదించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా.

కడుపులో పురుగులు

నులిపురుగులు చాలా పిల్లలకు పుట్టుకతోనే ఉంటాయి. తల్లి గర్భంలోనే, ఆ తరువాత పాలద్వారా అవి పిల్లకు చేరతాయి. కుండవంటి పొట్ట, పేలవమైన బొచ్చు, వాంతిలో దారపు పోగుల వంటి పురుగులు వీటి గుర్తులు. రెండో వారం నుంచి ఎనిమిదో వారం వరకు రెండు వారాలకు ఒకసారి, ఆరు నెలల వరకు నెలకు ఒకసారి, ఆ తరువాత మూడు నెలలకు ఒకసారి బరువును బట్టి మందు తాగించాలి. ఈ పురుగుల గుడ్లు మట్టిలో నెలల తరబడి బ్రతుకుతాయి. మట్టిలో ఆడి చేతులు కడుక్కోని పిల్లల కడుపులోకి పోతే వాటి కూనలు కాలేయానికి, కంటికి సైతం చేరగలవు. కుక్క మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తి పూడ్చివేయడం వల్ల ఈ బెడద సగం తగ్గుతుంది.

గొర్రెలు పెంచే ఇళ్ళవారు మరొక విషయం మరువరాదు. గొర్రెను కోసినప్పుడు కాలేయంలో, ఊపిరితిత్తులలో నీటిబుడగలు కనిపిస్తే ఆ భాగాన్ని కుక్కకు వేయడం పరిపాటి. ఆ బుడగలలో ఒక బద్దెపురుగు కూనలు ఉంటాయి. వాటిని తిన్న కుక్క పేగులో ఆరేడు వారాలలో పురుగు ఎదిగి, మలంలో గుడ్లు పడతాయి. ఆ గుడ్లు మేతద్వారా గొర్రెకు, చేతులద్వారా మనిషికి చేరితే, మనిషి కాలేయంలోనూ అటువంటి బుడగలే పెరుగుతాయి. శస్త్రచికిత్స అవసరమయ్యే జబ్బు ఇది. అటువంటి మాంసాన్ని లోతుగా పూడ్చాలి లేదా కాల్చివేయాలి.

టీకాలు, కాటు

పార్వో, డిస్టెంపర్ అనే రెండు వ్యాధులు కుక్కపిల్లల పాలిటి మృత్యువులు. రక్తవిరేచనాలు, వాంతులు పార్వో లక్షణాలు. కళ్ళనుంచి, ముక్కునుంచి చీము, ఆపై కాళ్ళు కొట్టుకోవడం డిస్టెంపర్ లక్షణాలు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య తొలి టీకా వేయించి, పదహారు వారాలు నిండేవరకు వైద్యుడు చెప్పిన వ్యవధిలో మళ్ళీ వేయించాలి.

రేబిస్ టీకా మూడు నెలలు నిండగానే వేయించి, వైద్యుడు చెప్పినప్పుడు మరోసారి, ఆపై ఏటా తప్పనిసరిగా వేయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం లోకంలో ఏటా దాదాపు 59,000 మంది రేబిస్‌తో మరణిస్తున్నారు. అందులో మూడో వంతుకు పైగా భారతదేశంలోనే. అనుమానాస్పద జంతువుల కాటుకు గురైనవారిలో 40 శాతం పదిహేనేళ్ళ లోపు పిల్లలు. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధికి చికిత్స లేదు.

చిన్నపిల్ల కరిస్తే రేబిస్ రాదనే నమ్మకం ఎంతమాత్రం నిజం కాదు. రెండు నెలల కుక్కపిల్లకు కూడా పిచ్చికుక్క కాటువల్ల ఈ వ్యాధి రావచ్చు. దాని పంటిగాటు, గోరుగాటు, పుండు మీద నాకుడు – దేనినీ తేలికగా తీసుకోరాదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు పూయరాదు, కట్టు కట్టరాదు. అదేరోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టి, వైద్యుడు చెప్పిన తేదీలన్నీ పూర్తిచేయాలి. రక్తం కారిన గాయానికి టీకాతోపాటు గాయంలో ఇమ్యూనోగ్లోబులిన్ కూడా వేయవలసి ఉంటుంది. పసరు తాగించి ఇంట్లో ఉంచడం చేజేతులా ప్రాణాన్ని పోగొట్టుకోవడమే. ఏటా సెప్టెంబరు 28న ప్రపంచ రేబిస్ దినం జరుపుతారు. రేబిస్ టీకాను కనుగొన్న లూయీ పాశ్చర్ 1895లో మరణించిన రోజు అది.

జాతిని బట్టి పోషణ

నాటుకుక్క ఈ వాతావరణానికి తగినది. దాని పొట్టిబొచ్చుకు పెద్ద సంరక్షణ అక్కరలేదు. కర్ణాటక సొంత వేటజాతి ముధోళ్ కుక్క కూడా అటువంటిదే. బాగలకోటె జిల్లా ముధోళ్ ప్రాంతానికి చెందిన ఈ జాతి మీద తపాలా శాఖ 2005లో తపాలాబిళ్ళ వెలువరించింది. ముధోళ్ సమీపంలోని తిమ్మాపురలో దీనికోసం పరిశోధన కేంద్రం ఉంది. ఈ జాతి సహజంగానే సన్ననిది. పక్కటెముకలు కొద్దిగా కనిపించినంత మాత్రాన బక్కచిక్కిందని అతిగా మేపరాదు. చర్మం పలుచన గనుక గట్టినేల మీద పడుకొంటే మోచేతులు కాయలు కాస్తాయి, గోనె పరవాలి. బెంగళూరు నుంచి తెచ్చుకొనే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పొమరేనియన్ వంటి దట్టమైన బొచ్చు జాతులకు వేసవిలో ఎక్కువ నీడ, రోజువారీ దువ్వెన, చెవుల శుభ్రత అవసరం. పేరుకోసం అటువంటి జాతిని తెచ్చి ఎండలో కట్టివేయడం కంటే ఊరి నాటుపిల్లను శ్రద్ధగా పెంచడం ఎంతో మేలు.

వయసువారీగా గుర్తుంచుకోవలసినవి

2 వారాలు: నులిపురుగుల మందు ఆరంభం.
4 వారాలు: మెత్తని జావ ఆరంభం.
6–8 వారాలు: తొలి టీకా, పాలు మాన్పించడం.
8 వారాలు నిండాక: కొత్త ఇంటికి తేవడం, తొలి స్నానం.
3 నెలలు: రేబిస్ టీకా, తిండి మూడు పూటలకు తగ్గించడం.
16 వారాలు: వ్యాధినిరోధక టీకాల వరుస ముగింపు.
6 నెలలు: తిండి రెండు పూటలు, మూడు నెలలకొకసారి పురుగుల మందు, పిల్లలు వద్దనుకొనేవారు శస్త్రచికిత్స గురించి వైద్యుని అడగవలసిన సమయం.

కుక్కపిల్ల ఒక రోజంతా తినకపోయినా, రక్తవిరేచనాలైనా, చిగుళ్ళు తెల్లబడినా మరునాటికి వాయిదా వేయరాదు. కర్ణాటకలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ సంచార పశువైద్య సేవలకు ఒకటే నంబరు – 1962. సరిహద్దుకు ఏ వైపున ఉన్నా ఆ నంబరు ఇంటి గోడమీద రాసి ఉంచుకోవడం మంచిది. బాగేపల్లి వంటి తాలూకా కేంద్రాలలోని ప్రభుత్వ పశువైద్యశాలల సేవలు పాడిపశువులకే పరిమితం కాదు. కుక్కను తీసుకువెళ్ళడానికి సంకోచించనవసరం లేదు.

కుక్క అడిగేది తక్కువ: పూటకింత సరైన తిండి, నీడ, నీరు, సకాలంలో టీకా. ఆ నాలుగూ అందిన పిల్ల ఏడాది తిరిగేసరికి ఇంటికి, మందకు నమ్మకమైన కావలి అవుతుంది. ఆ ఇంటి పిల్లలు కూడా దానితో నిర్భయంగా ఆడుకోగలుగుతారు.